తంగేడు గిన్నెల యాదలక్ష్మి

దేవరకొండ బస్టాండు వెనక, ఖిల్లా వైపు పోయే సందులో, ఒక రేకుల షెడ్డు ఉండేది. సగం జాగాలో జిరాక్సు మిషను, మిగతా సగంలో యాదలక్ష్మి కుట్టుమిషను. జాకెట్లు, లంగాలు, చీరల ఫాల్సులు, బడిపిల్లల యూనిఫాంలు ఆమె పని. పొద్దున్నే పక్క ఊరి నుంచి ఆటోలో వచ్చి, పొద్దు వాలేసరికి మళ్లీ ఆటో ఎక్కేది. కుట్టు శుభ్రంగా ఉంటుందనీ, చెప్పిన రోజుకు ఇస్తుందనీ పేరు. అంతకు మించి ఆ మనిషిని గురించి ఎవరూ చెప్పుకున్నది లేదు.

ఆమె పేరు నలుగురి నోట పడడానికి కారణం ఒక చిరిగిన ఓణీ.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, పెత్రమాస, దాంతో మొదలయ్యే బతుకమ్మ పండుగ దగ్గరపడుతున్న రోజులు. డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె ఆర్గంజా ఓణీ పట్టుకొచ్చింది. ఉల్లిపొరంత పలచటి బట్ట. కింద అరచెయ్యి పెడితే చేతిగీతలు కూడా కనబడతాయి. తలుపు గొళ్లేనికి తగిలి మధ్యలో బెత్తెడు చీరుకుపోయింది. అతుకు వేస్తే కనబడుతుంది, దారంతో అల్లి రఫ్ కొడితే ముడుచుకుంటుంది.

"ఏదన్న జెయ్యక్కా, పండుగకు ఇదే కట్టుకోవాలె" అంటూ ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

యాదలక్ష్మి ఓణీ అంచు నుంచి ఒక పీలిక కత్తిరించి ముందు దాని మీద చేసి చూసింది. మిషను పాదం విప్పేసి, కింద బట్టను నెట్టే పళ్లను దించేసింది. పళ్లు దిగితే బట్ట తనంతట తాను కదలదు, కుట్టేవాళ్లు ఎటు తిప్పితే అటు పోతుంది. పీలికను చెక్క రింగులో బిగించి, పసుపు దారం ఎక్కించి, రింగును రెండు చేతులా తిప్పుతూ సూది కింద పువ్వు రెక్కలు గీసింది. ఒక వరస మీద ఇంకో వరస, దానికి అడ్డంగా మరొకటి. దారం మీద దారం పడి బట్ట అట్టలా బిగిసింది. ఇంత గట్టిగా ఉంటే ఓణీ మీద పనికిరాదని పక్కన పడేయబోయి, ఎందుకో ఆగి, పువ్వు చుట్టూ కత్తిరించింది. అంచుకు పీచు లేస్తుంటే దేవుడి పటం ముందున్న అగరుబత్తి తీసి ఆ నిప్పును అంచు వెంట తాకించింది. బట్ట కరిగి, దారం దాకా వచ్చి ఆగిపోయింది. బల్ల మీద పెడితే ఆ ఐదు రెక్కల పువ్వు ఏ ఆసరా లేకుండా నిలబడింది.

ఓణీకి పలచటి కుట్టుతో పువ్వు వేసి ఇచ్చేసింది. పీలిక మీది పువ్వును ఇంటికి తెచ్చుకుంది. అత్త గోపమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. కోడలు చేతిలో పెట్టినదాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఏందే యాదీ ఇది? రేకా, గుడ్డనా?"

"గుడ్డనే అత్తమ్మా. ఆర్గంజా."

"గుడ్డైతె నిలబడుతదా?"

"దారం నిలబెట్టింది" అంది యాదలక్ష్మి. చెబుతుంటే ఆమెకే నవ్వొచ్చింది.

ఆ చలికాలమంతా ఆమెకు అదే ధ్యాస. షెడ్డులో పని తెమిలాక ఒక గంట తన కోసం ఉంచుకునేది. పొలం గట్ల మీద తంగేడు కొమ్మలు తెంపుకొచ్చి మిషను పక్కన నీళ్ల గ్లాసులో పెట్టి, ఆకు ఎట్లా మొదలై ఎక్కడ ఆగుతుందో చూసేది. కాగితం మీద గీయడం ఆమెకు చేతకాదు. ఏడో తరగతిలో డ్రాయింగు సారు కొట్టాడు కూడా. రింగు చేతిలో ఉంటే మాత్రం ఏ గీతా అక్కర్లేకుండా సూది కిందికి ఆకు వచ్చేది. ఆకుపచ్చ ఆకులు వరసగా, వాటి మీద పసుపు పువ్వులు, పువ్వు నడుమ మట్టిరంగు కేసరాలు. విడివిడిగా కుట్టి, కత్తిరించి, అంచులు కాల్చి, ఒకదాని పక్క ఒకటి పెట్టి జిగ్‌జాగ్ కుట్టుతో కలిపేది. సగ్గుబియ్యం గంజిలో ముంచి, ప్లాస్టిక్ కవరు చుట్టిన స్టీలు గిన్నె మీద బోర్లించి ఆరబెట్టేది. ఆరాక గిన్నె తీసేస్తే, దారంతో చేసిన ఇంకో గిన్నె మిగిలేది. వెలుతురు తగిలితే రెక్కల నడుమ మిగిలిన ఆర్గంజా మెరిసేది. పండ్లు మొయ్యలేదు, నీళ్లు పట్టలేదు. టీపాయి మీద ఊరకే ఉండడమే దాని పని.

జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే నిర్మలమ్మ జాకెట్టు కోసం వచ్చి మొదటి గిన్నెను చూసింది. చూసి, జాకెట్టు సంగతి మర్చిపోయింది.

"ఇది ఎక్కడ కొన్నావు?"

"కొనలేదు మేడం. నేనే కుట్టిన."

"ఎవరు నేర్పిన్రు?"

"ఎవరు లేరు. చినిగిన ఓణీ."

నిర్మలమ్మ ఆ గిన్నెను తీసుకెళ్లి తన ఇంట్లో టీపాయి మీద పెట్టింది. ఆమె ఇంటికి వచ్చిన లెక్చరర్లు, వాళ్ల చుట్టాలు అడగడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి దేవరకొండలోనే కాదు, నల్లగొండలో కూడా కొన్ని ఇళ్లల్లో ఆమె గిన్నెలు చేరాయి. గృహప్రవేశాలకు కానుకగా పట్టుకుపోయేవారు. జనం వాటికి తంగేడు గిన్నెలని పేరు పెట్టారు, ఆమెకు తంగేడు గిన్నెల యాదలక్ష్మి అని. రెండు గిన్నెలు ఎప్పుడూ ఒక్కతీరుగా ఉండేవి కావు. ఒకదానిలో ఆకులు గాలికి పడుకున్నట్టుంటే, ఇంకోదానిలో వాన పడి లేచినట్టుండేవి. అడిగితే, "చెయ్యి ఎటు పోతె అటు పోత" అనేది.

ఆమె భర్త జానయ్యకు మొదట్లో ఇది వింతగా ఉండేది. మూడెకరాల పత్తి చేను, అందులో నీళ్లు పడని మూడు బోర్లు అతనివి. "అన్నం తినేటందుకు గిన్నె గాదు, నీళ్లు తాగేటందుకు గాదు. దేనికే గది?" అని ఎగతాళి చేసేవాడు. కానీ హైదరాబాదు ఎగ్జిబిషనుకు వెళ్లేటప్పుడు గిన్నెలు నలగకుండా అట్టపెట్టెల్లో వడ్లపొట్టు నింపి ఒక్కొక్కటే సర్దిందీ, బస్సులో వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుందీ అతనే.

ఆ ఎగ్జిబిషనులోనే కృష్ణకాంత్ కలిశాడు. పెళ్లిళ్లకు, హోటళ్లకు అలంకరణ సామాను సరఫరా చేసే వ్యాపారం అతనిది. యాభై దాటిన మనిషి, మాట మెత్తన. గిన్నెను కంటి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "అమ్మా, ఇది మీ బుర్రలోంచి వచ్చిందేనా?" అని అడిగాడు. అవునంటే చేతులు జోడించాడు. ఆ దండాన్ని యాదలక్ష్మి చాలా రోజులు మరువలేదు. అంత పెద్దమనిషి తనకు దండం పెట్టాడని ఇంటికి వచ్చి గోపమ్మకు రెండుసార్లు చెప్పింది.

అప్పటి నుంచి నెలనెలా అతనికి గిన్నెలు పంపేది. షెడ్డులో జాకెట్లు కుట్టడం తగ్గించింది. ఆ రెండు మూడేళ్లు ఆమె బతుకులో మంచి రోజులు. పొద్దున మిషను ముందు కూర్చుని రింగు బిగిస్తుంటే మనసు తేలికపడేది.

ఆ తర్వాత చేను ఎండింది. నాలుగో బోరు కూడా దుమ్మే లేపింది. పాత పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో ఒక పైపుల కంపెనీలో జానయ్యకు పని దొరికింది. గోపమ్మ ఊళ్లో తన కూతురి దగ్గర ఉండిపోయింది. మొగుడూ పెళ్లాం, ఇంటర్‌కు వచ్చిన కూతురు హరిత, ముగ్గురూ షాద్‌నగర్‌లో రైలుకట్ట దగ్గర రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నారు. ముందు గదిలో కిటికీ కింద మిషను పెట్టింది. తంగేడు కొమ్మలకు గట్లు లేవు కానీ, అప్పటికి ఆమెకు కొమ్మ చూడాల్సిన అవసరం లేదు.

ఒక రోజు కృష్ణకాంత్ స్వయంగా ఇంటికి వచ్చాడు. షాద్‌నగర్ బయట తాను కొత్తగా యూనిట్ పెడుతున్నాననీ, అందులో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు దింపాననీ చెప్పాడు.

"పెద్ద హోటల్ నుంచి ఆర్డరు వచ్చిందమ్మా. ప్రతి టేబుల్‌కూ ఒకటి. అన్నీ ఒకేలాగ ఉండాలంటున్నారు. మీరు చెయ్యగలరా?"

"ఒక్కతీరు రావు సార్. నా చేతిల లేదు అది."

"అదే నేనూ అనుకున్నా. ఒక పని చెయ్యండి. మా దగ్గర పంచింగు చేసే అబ్బాయి దివాకర్ ఉన్నాడు. కంప్యూటర్‌లో డిజైను ఎక్కిస్తాడు. మీ గిన్నె ఇస్తే పైపైన గీస్తున్నాడు గానీ, నిలబడడం లేదు. మెత్తగా వాలిపోతోంది. మీరు నాలుగు రోజులు వచ్చి అతని పక్కన కూర్చుని ఎట్లా కుడతారో చెప్పండి. మీరు గురువు, వాడు శిష్యుడు."

జానయ్య ఆ సాయంత్రం సందేహపడ్డాడు. "అంత జెప్పినంక నీతోని ఏం పని ఉంటదే వాళ్లకు?"

"ఏం మాట్లాడ్తున్నవ్. ఆ సారు గసొంటోడు గాదు" అంది యాదలక్ష్మి. "మిషను నా తీరు కుడుతదా? నాలుగు దినాలు కూసున్నంత మాత్రాన నా చెయ్యి దాంట్లకు పోతదా?"

నాలుగు రోజులు పోయింది. చల్లటి గది, తిరిగే కుర్చీ, గంటకోసారి చాయ్. దివాకర్ ముప్పై ఏళ్లవాడు, మర్యాదస్తుడు. కంప్యూటరు తెర మీద గిన్నె ఫోటో పెట్టి, ఒక్కో రెక్క దగ్గర ఆగి అడిగేవాడు.

"అక్కా, ఇక్కడ ముందు పొడుగు వరస వేస్తవా, అడ్డం వేస్తవా?"

"ముందు చుట్టూ కట్ట కడ్త. కట్ట లేకుంటె లోపలి దారం బట్టను గుంజుతది. తర్వాత ఏటవాలుగ. దాని మీద ఎదురు ఏటవాలు."

"మరి రెక్క పైకి ఎట్ల వంగుతది?"

"మొదట్ల గట్టిగ, కొసకు పోంగ వదులుగ. గట్టిగున్నది లోపలికి గుంజుకుంటది, వదులుది లేస్తది."

దివాకర్ చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. "అబ్బ. నేను నెల సంది తల గుద్దుకుంటున్న అక్కా దీని కోసం" అన్నాడు.

యాదలక్ష్మికి గర్వంగా అనిపించింది. తనకు తెలిసిన సంగతి ఇంత ఉందని ఆమెకే అప్పటిదాకా తెలియదు. ఒక్కొక్కటే అడుగుతుంటే ఒక్కొక్కటే బయటకు వచ్చింది. కింది బాబిన్‌లో కూడా పై దారం రంగే ఎందుకు వెయ్యాలో, ఆర్గంజా రెండు పొరలు ఎదురెదురు పోగులతో ఎందుకు పెట్టాలో, కేసరాల దగ్గర సూది ఎందుకు మార్చాలో అంతా చెప్పింది. అడగనివి కూడా చెప్పింది. నాలుగో రోజు మిషను ఆన్ చేశారు. పన్నెండు సూదులు ఒక్కసారి దిగి, పన్నెండు రెక్కలు ఒక్కసారి లేచాయి. యూనిట్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

ఆ నెల కృష్ణకాంత్ నుంచి ఆర్డరు రాలేదు. తర్వాతి నెలా రాలేదు. ఫోను చేస్తే "సీజన్ డల్‌గా ఉందమ్మా" అన్నాడు. మూడోసారి ఫోను ఎత్తలేదు. అంతలో కరోనా వచ్చి అందరి తలుపులూ ఒకేసారి మూతపడ్డాయి. జానయ్య కంపెనీ రెండు నెలలు మూసి, తెరిచినప్పుడు సగం మందినే పిలిచారు. ఆ సగంలో అతను లేడు. కొన్నాళ్లు కూరగాయల బండి నెట్టి, తర్వాత ఒక ప్లాట్ల వెంచరుకు కాపలా కుదిరాడు.

ఒక మధ్యాహ్నం హరిత ఫోను పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, నీ గిన్నె! చూడు, ఆన్‌లైన్‌ల అమ్ముతున్నరు!"

యాదలక్ష్మి తడిచేతులు కొంగుకు తుడుచుకుని చూసింది. తెల్లటి గోడ ముందు, నున్నటి బల్ల మీద, తంగేడు గిన్నె. ఆకులు, పువ్వులు, కేసరాలు అన్నీ ఆమెవే. కింద నూట పదిహేను మంది బాగుందని రాశారు. ఇంగ్లీషులో ఏదో పేరుంది. హరిత చదివి చెప్పింది. తంగేడు అన్న మాట అందులో లేదు.

"నీ పేరు ఎక్కడన్న ఉన్నదేమో చూస్త ఉండు" అని హరిత చాలాసేపు కిందికి జరిపింది. ఎక్కడా కనబడక ఫోను పక్కన పెట్టేసింది.

యాదలక్ష్మి ఏడవలేదు. మిషను ముందుకు వెళ్లి కూర్చుంది. ఇంకా మంచివి చేస్తాననుకుంది. వారం కష్టపడి ఆరు గిన్నెలు చేసి, దసరా ముందు మహిళా సంఘం వాళ్లు పెట్టిన స్టాలులో వరసగా పెట్టింది. మంచి చీర కట్టుకున్న ఒకావిడ వచ్చి, ఒకటి చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి చూసింది.

"ఆన్‌లైన్లో వస్తాయి కదా, వాటిని చూసి కుట్టావా?"

"కాదమ్మా, ఇవి నావే. మొదలు నేనే..."

"మంచిదే, కష్టపడ్డావు. కానీ వాటి ఫినిషింగ్ రాలేదమ్మా. చూడు, ఈ ఆకు ఒక తీరుంది, ఆ ఆకు ఒక తీరుంది."

ఆవిడ మాటలో చెడు ఏమీ లేదు. గిన్నెను జాగ్రత్తగానే కింద పెట్టి వెళ్లింది. సాయంత్రానికి ఆరూ అక్కడే ఉన్నాయి. యాదలక్ష్మి వాటిని పెట్టెలో సర్దుకుంటుంటే పక్క స్టాలు పచ్చళ్ల ఆమె, "అక్కా, వచ్చే ఏడు మాగాయ బెట్టు, మస్తు పోతది" అని సలహా ఇచ్చింది.

మర్నాడు యాదలక్ష్మి యూనిట్‌కు పోయి కృష్ణకాంత్‌ను కలిసింది. జానయ్య తానూ వస్తానన్నాడు, వద్దంది. దారి పొడవునా ఏమనాలో కూర్చుకుంటూ పోయింది. అతను కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు.

"సార్, ఆ గిన్నె నాది గద."

"మీదే. నేను కాదనట్లేదు. ఎవరు కాదంటారు?" కృష్ణకాంత్ నిజంగానే నొచ్చుకున్నట్టు చూశాడు. "కానీ అమ్మా, నా దగ్గర కొన్న ముంబై వాళ్లు దాన్ని చూసి వాళ్లూ చేశారు. వాళ్లను చూసి సూరత్ వాళ్లూ చేశారు. నేనెవరిని ఆపను? నన్నెవరు ఆపారు? పువ్వు చెట్టుది. నాదీ కాదు, మీదీ కాదు."

పువ్వు చెట్టుదైనా, రెక్క పైకి లేవడం ఎవరిదని అడగాలని ఆమెకు తోచింది. కానీ తోచింది ఇంటికి చేరాక.

"మీకు పని కావాలంటే చెప్పండి. మా ఫినిషింగ్‌లో మనిషి తక్కువుంది" అన్నాడతను. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు.

పది రోజులు పోనని భీష్మించింది. పదకొండో రోజు పోయింది. హరితకు డిగ్రీ ఫీజు కట్టే గడువు అది. జానయ్య ఆమె టిఫిన్ డబ్బాను సంచిలో పెట్టి, యూనిట్ గేటు దాకా నడిచి, అక్కడే నిలబడ్డాడు.

ఫినిషింగ్ షెడ్డులో పొడుగాటి బల్లకు అటూ ఇటూ ఇరవై మంది ఆడవాళ్లు. మిషను మీద నుంచి గుట్టలుగా రెక్కలు వస్తాయి. అడుగున పెట్టిన కరిగే కాగితాన్ని వేడినీళ్ల తొట్టిలో కడగాలి. ఒక రెక్క నుంచి ఇంకో రెక్కకు మిషను ఈడ్చుకుపోయిన దారాలను చిన్న కత్తెరతో కత్తిరించాలి. తర్వాత వేరేవాళ్లు వాటిని అతికి గిన్నె చేస్తారు. వేడినీళ్లలో నానిన వేళ్లకు కత్తెర పట్టు దొరికేది కాదు. వారంలో అలవాటైంది.

రెండో వారంలో ఒక ఆకు ఆమె చేతిలో ఆగిపోయింది. కొన దగ్గర బియ్యపు గింజంత ముడి. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసింది. దానికీ అక్కడే ముడి. గుట్టంతా కెలికింది. ప్రతి మూడో ఆకుకూ ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. దివాకర్‌కు చూపించడానికి ఇచ్చిన గిన్నెలో ఒక ఆకు కుడుతుంటే దారం తెగింది. ఆ రోజు గోపమ్మకు జ్వరమని ఊరి నుంచి కబురొచ్చింది. తొందరలో, తెగినచోటే మళ్లీ కుట్టు వేసి పోయింది. విప్పి కుట్టాల్సింది, కుట్టలేదు. ఆ తప్పును మిషను బుద్ధిగా నేర్చుకుంది. ముంబైలో, సూరత్‌లో, ఎవరెవరి టీపాయిల మీదనో ఆ ముడి కూర్చుని ఉంటుంది.

ఎదురుగా కూర్చునే కరుణ అన్న అమ్మాయి, "ఏందక్కా, డ్యామేజా?" అంది.

"కాదు. గిది నేను జేసిందే" అని చెప్పింది యాదలక్ష్మి. చెప్పకూడదనుకుంటూనే చెప్పింది. ఓణీ చిరగడం, అగరుబత్తి, నిర్మలమ్మ టీపాయి, ఎగ్జిబిషను, దివాకర్ పక్కన కుర్చీ, అంతా. బల్ల చుట్టూ కత్తెరలు ఆగాయి. తర్వాత ఎవరో కిసుక్కున నవ్వారు.

"నువ్వు భలే జెప్తవక్కా. గిదంత నువ్వే కనిపెడితె, గీడ మాతోని దారాలెందుకు కత్తిరిస్తవ్?"

యాదలక్ష్మి ఆ ఆకును గుట్టలోకి తోసేసి ఇంకోటి తీసుకుంది. నవ్వినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. తమ డబ్బాల్లోని పచ్చడి ఆమెకు పెట్టేవాళ్లు, కళ్లు మంటలంటే చుక్కల మందు తెచ్చిచ్చేవాళ్లు. ఆ రోజు నుంచి ఆమెకు డిజైనరక్క అని పేరు పడింది. "డిజైనరక్కా, కత్తెర ఇయ్యి." "డిజైనరక్కా, నీళ్లు వచ్చినయ్." మొదట్లో ముల్లులా గుచ్చుకునేది. కొన్ని నెలలకు, పిలిస్తే పలకడం అలవాటైంది.

గోపమ్మ పోయినప్పుడు ఊరికి పోయి, తిరుగుదారిలో దేవరకొండలో నిర్మలమ్మను చూసి వచ్చింది. రిటైరైన నిర్మలమ్మ ఆప్యాయంగా కూర్చోబెట్టింది. టీపాయి మీద తంగేడు గిన్నె ఉంది. యాదలక్ష్మి దాన్ని చేతిలోకి తీసుకోకుండానే, మిషనుదని కనిపెట్టింది.

"నీది దుమ్ము పట్టి మెత్తబడింది యాదలక్ష్మీ. కోడలు తీసేసి ఇది తెప్పించింది. అచ్చం నీదే గద?"

"అచ్చం నాదే మేడం" అంది.

అట్లా మూడేళ్లు గడిచాయి. ఇంట్లో కిటికీ కింద మిషను మీద వారానికోసారి దుమ్ము తుడిచేది. వాడకట్టు వాళ్ల ఫాల్సులు వస్తే కుట్టేది.

నిరుడు ఎండాకాలం మొదట్లో, కృష్ణకాంత్ ఆమెను ఆఫీసు గదికి పిలిపించాడు. దివాకర్ కూడా అక్కడే ఉన్నాడు, తల వంచుకుని.

"తంగేడు డిజైను పాతబడిందమ్మా. ఎక్కడ చూసినా అదే. కొనేవాళ్లకు మొహం మొత్తింది. కొత్తది కావాలి. మీరొకటి చెయ్యండి. ఈసారి మీకు వాటా రాసిస్తాను, కాగితం మీద."

ఆ మాట విన్నాక ఆమెకు కలిగింది కోపం కాదు, భయం కాదు. ఆశ. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆశ అట్లా లేచి నిలబడుతుందని ఆమె అనుకోలేదు.

"ఈ ఆదివారం చేసి తెస్త సార్" అంది.

ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, మిషనుకు నూనె వేసి, కొత్త ఆర్గంజా రింగులో బిగించింది. మోదుగు పువ్వు కుట్టాలనుకుంది. జానయ్య కాపలా ఉండే వెంచరు నుంచి కొమ్మ కూడా తెచ్చిపెట్టాడు. ఎర్రటి రెక్కలు, చిలకముక్కులా వంకర. రంగు దారం ఎక్కించి, పళ్లు దించి, రింగు తిప్పడం మొదలుపెట్టింది. నాలుగు వరసలు పడేసరికి చూస్తే, చెయ్యి తంగేడు రెక్కే వేస్తోంది. ఎర్రటి దారంతో తంగేడు రెక్క. అదీ తన పాత రెక్క కాదు, మిషను రెక్క. రోజుకు వందలుగా వేళ్ల కింద తిరిగిన, ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో కళ్లు మూసుకున్నా తెలిసే రెక్క.

బట్ట మార్చింది. మళ్లీ మొదలుపెట్టింది. వంకర తిప్పాల్సినచోట మణికట్టు తిరగలేదు. ఆకు వేద్దామని చూసింది. ఆకు కొన దగ్గరకు రాగానే చెయ్యి తనంతట తానే ఆగి, అదేచోట రెండుసార్లు కొట్టి, గింజంత ముడి వేసింది. అది చూసి రింగు మీది నుంచి చేతులు తీసేసింది.

"ఏమైందే?" అన్నాడు జానయ్య.

"ఏం గాలె. మల్ల వారం జూస్త."

మళ్లీ వారం చూసింది. ఆ పై వారమూ చూసింది. హరిత సెలవు రోజు పక్కన కూర్చుని, "అమ్మా, నువ్వు ఏం అనుకోకుండ ఊరికే తిప్పు. అప్పట్ల చెయ్యి ఎటు పోతె అటు పోతుండె అన్నవు గద" అంది. యాదలక్ష్మి కళ్లు మూసుకుని ఊరికే తిప్పింది. కళ్లు తెరిచేసరికి బట్ట మీద ఏ రూపమూ లేదు. చిక్కుపడ్డ దారం, దాని కింద చిరిగిన ఆర్గంజా. హరిత దాన్ని కూడా బాగుందనబోయి, తల్లి మొహం చూసి మానుకుంది.

మూడో సోమవారం ఆమె ఆఫీసు గది తలుపు దగ్గర నిలబడి, "రావట్లేదు సార్" అని చెప్పింది.

"ఇంకో వారం తీసుకోండమ్మా."

"వారంతోని కాదు సార్. నాకిగ రాదు."

కృష్ణకాంత్ నిట్టూర్చాడు. "సరే, ఫికర్ చెయ్యకండి. బయట డిజైన్లు రెడీగా దొరుకుతున్నాయి. ఒకటి కొంటాం." దివాకర్ బయటదాకా వచ్చాడు. ఏదో చెప్పాలని చూశాడు. "అక్కా, ఆ రోజు నేను..." అని ఆగిపోయాడు. ఆమె అతని భుజం తట్టి, షెడ్డులోకి వెళ్లి, తన జాగాలో కూర్చుంది.

నెల తిరక్కుండానే కొత్త డిజైను మిషను ఎక్కింది. ద్రాక్ష ఆకులు, మధ్యలో ఏదో దేశం పువ్వు. ఎవరు గీశారో ఎవరికీ తెలియదు. మొదటి గుట్ట బల్ల మీదకు రాగానే ఆడవాళ్లంతా చేతుల్లోకి తీసుకుని చూశారు. కరుణ ఒకటి ఎత్తి పట్టుకుంది.

"డిజైనరక్కా, ఎట్లున్నది?"

యాదలక్ష్మి రెక్కను వేళ్ల మధ్య తిప్పింది. మొదలు దగ్గర గట్టిగా, కొసకు వదులుగా ఉంది. పైకి లేచింది. ముడి ఎక్కడా లేదు. మిషను ఈడ్చిన దారాలు కూడా తక్కువే.

"సులువుగున్నది" అంది. కత్తెర తీసుకుంది. ఆ రోజు షిఫ్టు అయిపోయేలోగా బల్ల మీద అందరికన్నా ఎక్కువ రెక్కలు ఆమే కత్తిరించింది. సూపర్‌వైజరు మెచ్చుకుని, రేపటి నుంచి రెండు గుట్టలు ఇస్తానన్నాడు. ఆమె తల ఊపి, కత్తెరను డబ్బాలో వేసి, మిగతావాళ్లతో పాటు గేటు బయటకు నడిచింది.